శిబిరమునకు ఏ కత్తి తగును?

స్కౌట్ శిబిరమునకు పిల్లలు తేవలసిన వస్తువుల పట్టికను మేము ఏటేట ఇండ్లకు పంపుచున్నాము. దానిలో దుప్పటి, చెంబు, టార్చిలైటు మొదలగువానిని గుఱించి ఎవ్వరును మమ్ము ప్రశ్నింపరు. "ఒరతోడి చిన్న కత్తి ఒకటి" అను పంక్తి వచ్చుసరికి మాత్రము తల్లిదండ్రులలో రెండు పక్షములు ఏర్పడుచున్నవి. "పిల్లవాని చేతికి కత్తి యేమిటి, అయ్యవారూ?" అని భయపడువారు ఒక పక్షము. అంగడిలో కనబడినవానిలో మిక్కిలి పెద్దదియు, చూచుటకు మిక్కిలి భయంకరమైనదియు నగు కత్తిని ముచ్చటపడి కొని యిచ్చువారు రెండవ పక్షము. ఈ యుభయుల కొఱకును ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

మొదటి పక్షమువారి భయము సహజమైనదే. అయినను త్రాడు కోయుట, గుడారపు మేకు చెక్కుట, కూరలు తరుగుట అను పనులు పెద్దల యెదుట నేర్చుకొనిన పిల్లవాడు, వానిని దొంగచాటుగా నేర్చుకొనినవానికంటె క్షేమముగా నుండును. నిజముగా మాకు దిగులు కలిగించువారు రెండవ పక్షమువారు. మూడేండ్ల క్రిందట ఒక బాలుడు తెచ్చిన కత్తి చూచి తోడి పిల్లలందఱు గుమిగూడిరి. అడుగు పొడవున్నది. వెన్నుమీద ఱంపపు పండ్లు. పిడి లోపల బోలుగా నుండి, అందు సూదిదారము, అగ్గిపుల్లలు అమర్చియున్నవి. పిడి మూతపై దిక్సూచి. ఎండుకొమ్మను చీల్చుటకై దాని వెన్నుపై కఱ్ఱతో రెండు దెబ్బలు వేయగానే అలుగు పిడినుండి ఊడి, ప్రక్కనున్న పిల్లవాని పాదమునకు జానెడు దూరమున పడినది. ఎవ్వరికిని గాయము కాలేదు. ఆ కత్తిని అమ్మినవారు దానిని అడవిలో ప్రాణము కాపాడు కత్తి యని చెప్పి అమ్మిరట!

ముందుగా పేర్లు చెప్పుకొందము. మన పిల్లలు వీథిలో తమిళము, పుస్తకమున ఇంగ్లీషు చదివి, కత్తి భాగములను తెలుగులో చెప్పలేకపోవుట మేము చూచుచున్నాము. చేత పట్టుకొను భాగము పిడి. లోహపు భాగము అలుగు. తెగు అంచు వాదర. దాని కెదురుగా నున్న మందపు భాగము వెన్ను. కొన మొన. దాచుకొను తొడుగు ఒర. పిడి చీలకుండ మొదట వేయు లోహపు కట్టు పొన్ను. ఇవి నిఘంటువు కొఱకు చెప్పుట లేదు. సంతలో కమ్మరి యెదుట నిలిచి, "వాదర సన్నముగా నుండవలెను, వెన్ను మందముగా నుండవలెను" అని చెప్పగలిగినప్పుడే మనకు కావలసిన వస్తువు మనకు వచ్చును.

మడతచాకు జేబులో ఇముడునే, అది చాలదా యని కొందఱు అడుగుచున్నారు. పెన్సిలు చెక్కుటకు చాలును. కాని దాని కీలు బలహీనస్థానము. నొక్కి పనిచేయునప్పుడు అలుగు వెనుకకు మడిగి వ్రేళ్లపై పడవచ్చును. కీలులో మన్నును, పండ్లరసమును చేరి శుభ్రపఱచుట కష్టమగును. నిలుకడయైన అలుగుగల కత్తికి ఈ చిక్కులు లేవు. దానికి కావలసినదెల్ల మంచి ఒర మాత్రమే. వార్తాపత్రికలో చుట్టి సంచిలో వేసిన కత్తి, ఒర లేని కత్తియే.

ఇక పరిమాణము. ఇచ్చటనే పొరపాటులన్నియు పుట్టుచున్నవి. కత్తి పెద్దదైనకొలది అన్ని పనులకు పనికివచ్చునను భావము తప్పు. మన పొరుగున నున్న కొడగు సీమను చూడుడు. అచ్చటి పురుషుల సంప్రదాయవేషమున రెండు కత్తులున్నవి. నడికట్టులో ముందువైపున దోపుకొనునది పొట్టిదైన పీచెకత్తి. నడుము వెనుక ఇత్తడి కొక్కెమున వ్రేలాడునది ఒడికత్తి. అది వంపు తిరిగి, వెడల్పై, బరువుగా నుండును. నేటికిని పెండ్లిలో అరటిబోదెలను ఒక్క వ్రేటున నఱుకునది ఈ రెండవదియే. చిన్న పనికి చిన్నది, నఱుకుటకు పెద్దదియని ఆ సీమవారు వేఱుచేసికొనిరి. ఒకే కత్తితో రెండును సాధింపవలెనని వారు చూడలేదు. గూర్ఖాల కుక్రీ యందు బరువంతయు మొనవైపునకు చేర్చబడియుండును. కావుననే అది చిన్నగొడ్డలివలె నఱుకును. ఆ బరువే చిన్న చేతిమణికట్టును లాగివేయును.

మా యనుభవమున శిబిరపు పనులలో చాలభాగమునకు అలుగు మూడు నుండి నాలుగు అంగుళముల పొడవున్న చాలును. అనగా ఏడున్నర నుండి పది సెంటీమీటర్లు. పిల్లవాని అఱచేతి వెడల్పును కొలతగా తీసికొనుడు. దానిని కొంచెము మించిన అలుగు వాని అధీనములో నుండును. రెండింతలైనది వాని అధీనమున నుండదు. పొడవు పెరిగినకొలది మొన ఎచ్చట తిరుగుచున్నదో చేతికి తెలియదు. అయిదాఱు అంగుళముల కత్తి వంటపని చూచు పెద్దవారికి అనుకూలము. అంతకు మించినవి కంపలు కొట్టుటకు, కొబ్బరికాయలు చెక్కుటకు. ఆ పనులకు మన యిండ్ల మచ్చుకత్తి యుండనే యున్నది, దానిని వాడు పెద్దవారును ఉన్నారు.

పొడవుతోపాటు వెన్ను మందము చూడవలెను. దీనిని కొనువారిలో నూటికి తొంబదిమంది చూడరు. రెండు, రెండున్నర మిల్లీమీటర్ల వెన్నుగలది ఉల్లిపాయను, మామిడికాయను తేలికగా కోయును. నాలుగైదు మిల్లీమీటర్లున్నది మేకువలె పనిచేయును. కట్టె చీలును గాని కూరగాయ తెగుటకు మాఱుగా పగులును. స్వీడను దేశమున మోరా పట్టణము పేరుతో లోకప్రసిద్ధమైన కత్తులు సుమారు పది సెంటీమీటర్ల పొడవుతో, రెండు రెండున్నర మిల్లీమీటర్ల మందముతోనే యుండును. ఆ చలిదేశమున కొయ్యపని చేయువారు వానితోనే గరిటెలు మొదలగునవి చెక్కుదురు. పిల్లల కొఱకు మొన గుండ్రముగా చేసి, వ్రేళ్లు వాదరమీదికి జారకుండ పిడికి అడ్డు పెట్టిన రకములను గూడ వారు చేయుచున్నారు.

పిడిలోనికి అలుగు ఎంత దూరము పోయినదో కనుగొనుడు. పిడి పొడవెల్ల లోహమే సాగి, రెండు ప్రక్కల కొయ్యబద్దలు మేకులతో బిగింపబడినచో అది మిక్కిలి దృఢము. మన కమ్మరులు చేయు తీరు వేఱు: అలుగు చివరను తోకవలె సాగదీసి, కాల్చి, కొయ్యపిడిలో దిగగొట్టి, పొన్ను బిగింతురు. తోక పిడిలో సగమునకు మించి దిగినచో ఇదియు చెడ్డది కాదు. చిన్న కత్తికి ఇది చాలును. బోలుపిడి మాత్రము ఎన్నడును వలదు. దానిలో అలుగును పట్టియుంచునది ఒకటి రెండు మరలు మాత్రమే. పిల్లవాని పిడికిలి పిడి చుట్టు పూర్తిగా మూయవలెను. కావున బాలుని అంగడికి తీసికొనిపోయి, వాని చేతనే పట్టించి చూచి కొనుడు. ఇంటర్నెట్టులో బొమ్మ చూచి తెప్పించుకొనుట ఈ విషయమున మోసకరము.

వాదరను గుఱించి కొంచెము ఓపికతో వినవలెను. రెండు కత్తులు ఒకే యుక్కుతో చేసినను, వాదర తీరు వేఱైనచో పని వేఱగును. మంగలి కత్తి ప్రక్కలు లోపలికి గుంట పడియుండును. అందుచే వాదర అతిసన్నమై వెండ్రుకను కోయును, కాని కట్టెకు తగిలిన విఱుగును. గొడ్డలి ప్రక్కలు ఉబ్బియుండును. అందుచే దెబ్బకు ఓర్చుకొనును, కాని సన్నని పనికి రాదు. వెన్నునుండి వాదరవఱకు సమముగా వాలినది ఈ రెంటికి నడుమది. వంటకును, కొయ్యకును ఒప్పును. పైన చెప్పిన స్వీడను కత్తులలో ప్రక్కలు మొదట నిలువుగా దిగి, పిమ్మట ఒక్క వెడల్పైన వాలుతో వాదరను చేరును. ఆ వాలును సానరాతిమీద పరచి పెట్టినచో కోణము తనంతట తానే సరిపోవును. నూఱుట నేర్చుకొను పిల్లలకు ఇంతకంటె సులభమైనది లేదు.

సాధారణముగా వంటింటి కత్తిని రాతితో 15 డిగ్రీల నుండి 20 డిగ్రీల కోణమున, ఆరుబయటి కత్తిని 20 నుండి 25 డిగ్రీల కోణమున ఒక్కొక్క ప్రక్క నూఱుదురు. ఈ కోణమును కొలుచుటకు పరికరము అక్కఱలేదు. కాగితపు మూలను సరిగా ఒకమాఱు మడచిన 45 డిగ్రీలు, మఱల మడచిన 22½ డిగ్రీలు వచ్చును. ఆ మడతను సానరాతిప్రక్క నిలిపి, కత్తిని దానికి సరిగా వాల్చి నూఱవలెను. మా ఏడవ తరగతి పిల్లలు క్షేత్రగణితమున కోణసమద్విఖండనము నేర్చిన వారమే దీనిని చేసి చూపిరి. పదును చూచుటకు వ్రేలిని వాదర పొడవున నడపరాదు. పాత కాగితమును గాలిలో పట్టి కోసి చూచిన చాలును.

ఱంపపు పండ్లుగల వాదర త్రాళ్లను బాగుగా కోయుననుట సత్యమే. కాని పండ్లు మొద్దుబారినచో చదునైన సానరాతిపై వానిని నూఱుట సాధ్యము కాదు. వెన్నుమీది పండ్లైతే వట్టి అలంకారము. బొటనవ్రేలు ఆన్చవలసిన తావును అవి పాడుచేయును. నున్నని వాదరయే కొనుడు.

మొన ఆకారములు పెక్కు గలవు; మనకు మూడు తెలిసిన చాలును. వెన్ను మొనవైపునకు మెల్లగా వాలినది మొదటిది. మొన గట్టిగా నుండి, అన్ని పనులకు వచ్చును. పెద్ద పిల్లలకు దీనినే మేము చెప్పుదుము. వెన్నును మొనయొద్ద కొఱికి తీసినట్లున్నది రెండవది. దీనికి వాడిమొన ఏర్పడును గాని సన్నబడి విఱుగును. అమెరికాలో జేమ్స్ బౌయీ యనునతడు 1827లో మిసిసిపీ నదిలోని ఇసుకతిన్నెపై జరిగిన పోరాటమున పెద్దకత్తితో పేరుపొందెను. 1836లో అలమో కోటలో మరణించెను. తరువాత ఈ కొఱుకుమొన కత్తి అతని పేరనే ప్రచారమైనది. మన పిల్లలు సినిమాలలో చూచి మోహపడునది దీనినే. పోరాటమున కీర్తి వచ్చిన ఆకారము మేకులు చెక్కుటకు ఉత్తమమని యనుకొనుట పొరపాటు. మూడవది గొఱ్ఱెగిట్టను పోలినది: వాదర తిన్నగా నుండును, వెన్ను వంగి దానిని కలియును, పొడుచు మొన యుండదు. పూర్వము గొఱ్ఱెల గిట్టలు చెక్కుటకు వాడుకలో నుండెను. ఓడలపై త్రాళ్లు కోయు నావికులును దీనినే మెచ్చిరి. ఓడ ఊగినను పొడుచుకొనదు గదా. ఆఱు, ఏడు తరగతుల పిల్లలకు ఈ యాకారమే తగినది. రెండువైపుల వాదరగల బాకు పనిముట్టు కాదు, ఆయుధము. దానిని శిబిరములోనికి రానీయము.

ఉక్కును గుఱించి చెప్పవలసినది తక్కువ. నిజామాబాదు సీమలోని కోనసముద్రపు ఉక్కు కొఱకు ఒకప్పుడు పారశీక వర్తకులు వచ్చుచుండిరి. అంతటి ఉక్కు మనకిప్పుడు అవసరము లేదు. తుప్పుపట్టని ఉక్కులో క్రోమియము నూటికి 10½ పాళ్లకు తక్కువ కాకుండ ఉండును. అది అశ్రద్ధగల చేతులకు మేలు. సాదాయుక్కు త్వరగా పదునెక్కును. కాని చింతపండు, మామిడి, నిమ్మ తగిలిన నల్లబడును, తడిలో విడిచిన తుప్పుపట్టును. పని ముగిసినతోడనే కడిగి, తుడిచి, చుక్క కొబ్బరినూనె రాచిన చాలును. తోలు ఒర చెమ్మను పీల్చుకొనును గనుక, ఇంటికి వచ్చిన పిదప కత్తిని అందులో నెలల తరబడి ఉంచరాదు.

శిబిరమున కత్తి తీయుటకు ముందు ప్రతి బాలుడును కూర్చుండి, చేయి చాచి చుట్టు త్రిప్పవలెను. ఎవ్వరును తగులనిచో అప్పుడే ఒరనుండి తీయవలెను. తొడమీద పెట్టి కోయుట నిషిద్ధము. తొడలోని పెద్ద రక్తనాళము తెగినచో నిమిషములలో ప్రాణాపాయము. మోకాళ్లకు ముందుగా, దేహమునకు దూరముగా కోయవలెను. నిలుచున్నవాని చేతిలో కత్తి ఒరలోనే యుండును.

చట్టమును గూడ తల్లిదండ్రులు తెలిసికొనవలెను. 2016 నాటి ఆయుధ నియమావళి ప్రకారము, అలుగు 9 అంగుళముల పొడవును గాని 2 అంగుళముల వెడల్పును గాని మించిన కత్తులు ఆయుధముల వర్గమున చేరును. గృహ, వ్యవసాయ, శాస్త్ర, పరిశ్రమల పనులకై చేసినవానికి మినహాయింపు గలదు. కేంద్రప్రభుత్వము ప్రకటించిన ప్రాంతములలో అట్టి ఆయుధములకు అనుమతిపత్రము కావలెను. మేము చెప్పిన నాలుగంగుళముల కత్తికి ఈ చిక్కు లేదు. వేఱొక చిక్కు గలదు. మన కృష్ణగిరి, ధర్మపురి జిల్లాల అడవులలో కొంతభాగము 2014లో కావేరీ ఉత్తర వన్యప్రాణి అభయారణ్యముగా ప్రకటింపబడినది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణచట్టము ఆయుధమను మాటలో కత్తులను గూడ చేర్చినది. వ్రాతపూర్వకమగు అనుమతి లేక ఆయుధముతో అభయారణ్యములో ప్రవేశింపరాదు. పరిమాణముతో నిమిత్తము లేదు. మన శిబిరము ఊరిప్రక్క మామిడితోపున జరుగును గనుక అచ్చట అడ్డు లేదు. శిబిరము మూడవనాడు పిల్లలను ఆ యడవివైపు తీసికొనిపోవునప్పుడు మాత్రము కత్తులన్నియు పేరు వ్రాసిన చీటీలతో లెక్కించి, పెట్టెలో పెట్టి తాళము వేసి, తోపులోనే ఒక ఉపాధ్యాయుని కావలి యుంచి వెళ్లుదుము.