ఉద్యానవనములో ఒక సాయంకాలము

వినోదము కావలెనన్న సినిమాకే పోవలెనని మనలో ననేకులు తలంతురు. సినిమా టిక్కెట్టు లేకయే కన్నులపండువుగా చూడదగిన నాటకము ప్రతిదినము మన యూరి పార్కులలో జరుగుచున్నది. రాజమహేంద్రవరమున కంబాలచెరువు పార్కులో ఒక గంట నడచినవారికి ఇది అతిశయోక్తి కాదని తెలియగలదు.

మొదట కానవచ్చువారు దంపతులు. మధుమేహమునకు నడక మంచిదని వైద్యుడు చెప్పినది మొదలు మగవారికి దీనియందు శ్రద్ధ హెచ్చినది. ఆయన క్రొత్త బూట్లు తొడిగి, చేతులు ఊపుచు, యుద్ధమునకు పోవు వీరునివలె ముందు నడచును. ఆమె నీళ్లసీసా, ఆయన కండ్లజోడు, తువ్వాలు మోసికొని పది గజములు వెనుక వచ్చును. మొదటి చుట్టులో "తొందరగా రావేమే!" యని ఆయన కేక. రెండవ చుట్టులో ఆమె ముందు, ఆయన వెనుక. "కాస్త ఆగవే!" యను గొంతు అదియే గాని, ఈ మారు మెత్తబడియుండును. దినమంతయు వంటయింటికిని వాకిటికిని తిరుగు కాళ్లకు చెరువుచుట్టు ఒక లెక్కయా? ఇక కరగిన క్రొవ్వును తిరిగి సంపాదించుటకు గేటు వెలుపల మిరపకాయ బజ్జీలు సిద్ధముగా నుండును. అవి చాలనివారికి రాజమండ్రి రోజ్‌మిల్కు ఉండనే యున్నది.

బల్లలమీద పింఛను పుచ్చుకొను పెద్దల సభ తీరియుండును. అచట ప్రతి సాయంకాలము ఒక మంత్రివర్గము కూలును. చీకటిపడు లోపల మరియొకటి ఏర్పడును. అంతలో ఇంటినుండి ఫోను వచ్చును. లోకమును శాసించుచున్న ఆ కంఠమే "ఆయ్, తెస్తానే, కొత్తిమీర ఒక్క కట్టేనా?" యని అడుగును. నీటి యొడ్డున ఒంటికాలిపై జపము చేయుచున్న కొంగ యొక్కతియే ఈ చర్చలను చెవిని బెట్టదు. దాని దృష్టి యంతయు చేపపైననే.

ఇటు చూచిన, అన్నపు గిన్నెతో బిడ్డవెంట పరుగెత్తు తల్లి. ముద్ద నోట పడులోపల ఆమె నడక మగవారి రెండు చుట్లకు మించిపోవును. అటు చూచిన, విదేశమందలి మనుమనికి ఫోనులో చెరువును చూపుచున్న మామ్మగారు. పాపము, ఫోను తిరుగవైపు పట్టుకొనుటచే వానికి చెరువునకు బదులు ఆమె ముక్కు మాత్రమే కనబడుచున్నది!

ఒకనాడు నుదుట బొట్టులేని వృద్ధురా లొకతె మనుమరాలిని ఊయల యూపుచుండెను. ఆ పిల్ల దిగి, "నువ్వెక్కు మామ్మా!" యని పట్టుపట్టెను. ఆమె అటునిటు చూచి, కొంగు బిగించి ఎక్కెను. కావలివాడు చూచియు చూడనట్లు ఈలను జేబులో వేసికొనెను. "పెళ్లికి ముందు అట్లతద్దికి ఊగాను, మళ్లీ ఇవాళేనే" యనుచు ఆమె చిన్నపిల్లవలె నవ్వెను. చుట్టు నున్న మేమును నవ్వితిమి గాని, నా కన్నులు చెమర్చినవి.

ఏలన, భర్త పోయిన స్త్రీకి నవ్వుటయే నేరముగా ఎంచబడిన దినములను ఈ పట్టణము చూచినది. 1881 డిసెంబరు 11వ తేదీన కందుకూరి వీరేశలింగము పంతులుగారు ఇచటనే మొదటి వితంతు వివాహము జరిపించిరి. ఊరివారు వెలివేయగా, వంటవారును రాకపోగా, ఆయన భార్య రాజ్యలక్ష్మమ్మగారు తామే గోదావరినుండి నీళ్లు తెచ్చి వండిపెట్టిరి. ఆ బిందెల బరువు మోసిన తల్లి చలువచేతనే గదా నేడు ఒక వృద్ధురాలు నలుగురిలో ఊయల యూగగలిగినది!

అయినను ఒక మాట. పార్కులో మగవారు బల్లలపై గంటలకొలది కూర్చుందురు. స్త్రీలో, బల్ల యంచున కూర్చుండి నిమిషమున కొకసారి గడియారము చూచుకొందురు. పొయ్యిపై పప్పు మనస్సులో ఉడుకుచుండును. ఆరోగ్యమును ఉల్లాసమును ఇంటిలో అందరికిని కావలసినవే. కావున రోజున కొక అరగంట మీకొరకు ఉంచుకొనుడు. అత్తగారిని గూడ వెంటబెట్టుకొని పొండు. పిల్లలు వేరుసెనగ పొట్లము కాగితమును చెట్టుక్రింద పారవేయకుండ చూడుడు. బల్లపై వెనుకకు ఆనుకొని నిండుగా కూర్చుండుడు. ఆ పూట ఒక కూర తక్కువైనంతమాత్రాన సంసారము కూలిపోదు.