సీపీయూ టెంపరేచర్: సాఫ్ట్‌వేర్ చూపించే నంబర్ నిజమేనా? అసలు లెక్క ఇదీ..

కంప్యూటర్ వేడెక్కితే చాలామంది కోర్ టెంప్ లాంటి సాఫ్ట్‌వేర్‌లో టెంపరేచర్ చూస్తుంటారు. మరి ఆ నంబర్‌ను గుడ్డిగా నమ్మొచ్చా? అన్నిసార్లూ కాదు.

ఇంటెల్ ప్రాసెసర్‌లోని సెన్సర్ నేరుగా డిగ్రీలు చెప్పదు. గరిష్ఠ పరిమితికి ఇంకా ఎంత దూరం ఉందో మాత్రమే చెబుతుంది. పరిమితి 100 డిగ్రీలు, దూరం 40 అనుకోండి.. సాఫ్ట్‌వేర్ తీసివేత చేసి 60 అని చూపిస్తుంది. అంటే పరిమితిని తప్పుగా తీసుకుంటే లెక్క మొత్తం తప్పినట్టే!

2017లో వచ్చిన ఏఎండీ రైజెన్ 7 1800ఎక్స్‌తో ఇంకో చిక్కు వచ్చింది. ఫ్యాన్ల కంట్రోల్ కోసం ఆ చిప్ అసలు వేడికి 20 డిగ్రీలు కలిపి చెప్పేది. 38 డిగ్రీలుంటే 58 అని కనిపించేది. దీంతో యూజర్లు కంగారుపడ్డారు. చివరకు కంపెనీయే వివరణ ఇచ్చింది.

మరి ఏం చేయాలి? ముందు సాఫ్ట్‌వేర్‌ను అప్‌డేట్ చేసుకోండి. పని లేనప్పుడు కనిపించే రీడింగ్‌లో నాలుగైదు డిగ్రీల తేడాను పట్టించుకోవద్దు. సెన్సర్ కచ్చితంగా పనిచేసేది గరిష్ఠ పరిమితి దగ్గరే. అందుకే గేమ్ ఆడేటప్పుడు నంబర్ అక్కడిదాకా వెళ్లి, సిస్టమ్ స్లో అవుతుంటే మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు. వెంటనే ఫ్యాన్, దుమ్ము చెక్ చేయించండి.