నాసికావ్యాధికి నూతన చికిత్స

పూలపరిమళమును గాని, పోపులోని ఇంగువ ఘాటును గాని గ్రహింపలేక, ఎడతెగని ముక్కుదిబ్బడతో రాత్రులయందు నోటితోనే ఊపిరి తీయుచు కాలము గడుపువారి బాధ ఇతరులకు స్వల్పముగా తోచవచ్చును. కాని అది వారి నిద్రను, ఆహారరుచిని, ఉత్సాహమును హరించునట్టిది. ముక్కు చుట్టునుగల ఎముకలలోని గాలిగదులయందు, అనగా సైనసులయందు, వాపు 12 వారములకు మించి నిలిచినచో దానిని దీర్ఘకాలిక సైనసైటిస్ అందురు. కొందరిలో లోపలిపొర ఉబ్బి, ద్రాక్షగుత్తులవలె వ్రేలాడు మెత్తని పాలిప్‌లుగా పెరుగును. శస్త్రచికిత్సచే వానిని తొలగించినను, మూలమైన వాపు శమింపనందున, పెక్కుమందికి అవి మరల పుట్టుచుండును.

పాలిప్‌లు గల అనేకులయందు ఈ వాపునకు కారణము, దేహరక్షణకై ఏర్పడిన వ్యవస్థయే హద్దుమీరి వర్తించుట. ఇంటర్‌ల్యూకిన్-4, ఇంటర్‌ల్యూకిన్-13 అను ప్రోటీనులు కణముల ఉపరితలముననున్న ఒక గ్రాహకమునకు తగుల్కొని వాపును ప్రేరేపించును. డుపిలుమాబ్ అను యాంటీబాడీ ఆ గ్రాహకమునే ఆక్రమించి, ఆ రెంటి ప్రేరణయు కణమునకు అందకుండ అడ్డగించును. 724 మందిపై జరిపిన రెండు పరీక్షలలో పాలిప్‌లు తగ్గుటయే గాక, వాసన తెలియుటయు మెరుగుపడెను. 2019లో అమెరికా ఔషధనియంత్రణ సంస్థ ఈ వ్యాధికి దీనిని అనుమతించెను. పిమ్మట ఓమలిజుమాబ్, మెపోలిజుమాబ్ అను యాంటీబాడీలకును ఈ వ్యాధికై అనుమతి లభించెను.

డుపిలుమాబ్‌ను పెద్దలకు సాధారణముగా రెండు వారములకొకమారు, 300 మిల్లీగ్రాముల మోతాదున, చర్మముక్రింద సూదిమందుగా ఇత్తురు. ఉప్పునీటితో ముక్కు కడుగుట, స్టెరాయిడ్ స్ప్రే, అవసరమైనచో శస్త్రచికిత్స తొలిమెట్లు; అవి చాలనివారికే ఇది. కొందరికి కండ్లు ఎఱ్ఱబడి వాయవచ్చును. మందు మానినచో వ్యాధి తిరుగబెట్టవచ్చును. వెలయు మిక్కిలి అధికము. ఇంతటి మేలు ధనికులకే పరిమితము గాక, సామాన్యునకును అందునట్లు చేయుట ప్రభుత్వములకును ఔషధ సంస్థలకును పరమ కర్తవ్యము.