గ్రాండ్ టెస్టులో 540.. మరి నీట్‌లో?

ఆదివారం సాయంత్రం ఆరు దాటిందంటే నా ఫోన్ మోగడం మొదలవుతుంది. పొద్దున నీట్ నమూనాలో పెట్టే గ్రాండ్ టెస్టు రాసిన పిల్లల మార్కులు అప్పటికి ఇళ్లకు మెసేజ్‌గా చేరిపోయి ఉంటాయి. "సార్, మా పాపకి 540 వచ్చిందండీ. పోయిన వారం 578. సీటు వస్తుందంటారా?" బైపీసీ పిల్లలకు ఫిజిక్స్ చెప్పడం మొదలుపెట్టి ఇరవై ఏళ్లయింది. ఎంసెట్ రోజుల్లోనూ ఇదే ప్రశ్న, నీట్ వచ్చాకా ఇదే ప్రశ్న. అప్పు చేసి లాంగ్‌టర్మ్‌లో చేర్పించిన తండ్రి అలా అడుగుతుంటే 'చూద్దాం లెండి' అని ఫోన్ పెట్టేయడానికి మనసొప్పదు. ఆ మార్కు ఏం చెబుతుందో, ఏం చెప్పదో ఒకసారి కూర్చుని వివరంగా రాయాలని ఎప్పటినుంచో అనుకుంటున్నాను.

అపోహ: గ్రాండ్ టెస్టులో ఎంత వస్తే నీట్‌లోనూ అంతే వస్తుంది

దగ్గరగా వస్తుంది. అంతే వస్తుందనుకోవడమే పొరపాటు. ఏడాదంతా 600 దాటుతూ వచ్చిన పిల్లలూ, 350 దగ్గర ఆగిపోయిన పిల్లలూ నీట్‌లో తారుమారు కావడం నేను చూసినంతలో చాలా అరుదు. ఆ మేరకు టెస్టుల్ని నమ్మవచ్చు. కానీ ఇంట్లో నిద్ర పట్టనివ్వనిది ఆ తేడా కాదు, 578కీ 540కీ మధ్య ఉన్న తేడా.

ఒక లెక్క వేద్దాం. 180 ప్రశ్నల్లో ఓ 30 దగ్గర మీ అమ్మాయి రెండు ఆప్షన్లు కొట్టేసింది. మిగిలిన రెండింటి మధ్య ఊగిసలాడి ఏదో ఒకటి దిద్దింది. ఒప్పయితే 4 మార్కులు, తప్పయితే ఒక మార్కు కోత. సగం, అంటే 15 ఒప్పయితే 45 మార్కులు వస్తాయి. బొమ్మా బొరుసూ వేస్తే ప్రతిసారీ సగం బొమ్మ పడదు కదా, ఇక్కడా అంతే. పదిసార్లు రాస్తే తొమ్మిదిసార్లు 11 నుంచి 19 దాకా ఒప్పులు పడతాయి. 11 పడితే చేతికొచ్చేవి 25 మార్కులు. 19 పడితే 65. చదువులో వెంట్రుకవాసి తేడా లేకుండానే 40 మార్కులు అటూ ఇటూ అయ్యాయి. మీరు బెంగపడుతున్న 38 మార్కులు అందులోనే ఇమిడిపోతాయి.

అమెరికాలో మెడిసిన్ కోసం మన తెలుగు పిల్లలు రాసే ఎంక్యాట్‌లో స్కోరు 472 నుంచి 528 దాకా ఉంటుంది. రిపోర్టులో ఆ స్కోరుతో పాటు, అటూ ఇటూ రెండు పాయింట్ల తేడాకు అవకాశం ఉందని నిర్వాహకులే చూపిస్తారు. అసలు పరీక్షకే అంత పట్టువిడుపు ఉన్నప్పుడు నమూనా పరీక్షకు ఇంకెంత ఉండాలి?

అందుకే నన్ను అడిగినవాళ్లకు చివరి ఐదారు గ్రాండ్ టెస్టుల సగటు తీయమంటాను. దానికి పైన ఓ నలభై, కింద ఓ నలభై వదిలేసి, ఆ మధ్యలో ఎక్కడ వచ్చినా ఆశ్చర్యపోవద్దని చెబుతాను.

అపోహ: అన్నింటికంటే ఎక్కువ వచ్చిన మార్కే అసలు సత్తా

కొన్నేళ్ల కిందట మా లాంగ్‌టర్మ్ సెక్షన్లో ఒకమ్మాయికి ఒక టెస్టులో 612 వచ్చింది. నోట్‌బుక్ అట్ట మీద ఎర్ర పెన్నుతో ఆ అంకె పెద్దగా రాసుకుంది. ఆ తర్వాత వరసగా 571, 560, 574. ప్రతిసారీ కళ్లనీళ్లు పెట్టుకునేది. 'నువ్వు అశ్రద్ధ చేస్తున్నావు' అని ఇంట్లోవాళ్లు, నిజం చెప్పాలంటే నాతో సహా లెక్చరర్లమూ అన్నాం. నీట్‌లో 566 వచ్చింది. పరీక్ష పాడు చేసుకున్నానని కుమిలిపోయింది. ఆ పిల్ల పాడు చేసుకున్నది ఏమీ లేదు. ఏడాదంతా ఎలా రాసిందో అలాగే రాసింది. 612 వచ్చిన రోజు ఊహించినవన్నీ కలిసొచ్చాయి, పేపరు తనకిష్టమైన చాప్టర్ల నుంచి వచ్చింది. అలాంటి రోజు తర్వాత మార్కు కిందికి రావడం సహజం. అట్టడుగు మార్కు వచ్చిన రోజు తర్వాత పైకి వెళ్లడమూ అంతే సహజం. ఆ సంగతి అప్పుడే చెప్పగలిగి ఉంటే ఆ పిల్ల అన్ని నెలలు అలా ఏడ్చేది కాదని ఇప్పటికీ అనిపిస్తుంది.

అపోహ: ఫలానా మార్కు దాటితే సీటు ఖాయం

మార్కుకు విలువ కట్టేది ఆ ఏటి పేపరు. 2024లో సవరించిన తుది ఫలితాల్లో 17 మందికి 720కి 720 వచ్చాయి. 2025లో దేశం మొత్తంలో మొదటి ర్యాంకు మార్కే 686. జనరల్ కేటగిరీలో అర్హత మార్కు 162 నుంచి 144కు దిగింది. రెండేళ్లూ అది 50వ పర్సంటైలే. పిల్లలు ఒక్క ఏడాదిలో తెలివి తక్కువైపోయారా? పేపరు కఠినంగా వచ్చింది, ముఖ్యంగా ఫిజిక్స్. పోయినేడు సీనియర్‌కి సీటు తెచ్చిన మార్కును గోడకు అంటించుకుని, ఈ ఏడు గ్రాండ్ టెస్టును దాంతో కొలిస్తే లాభం లేదు. ఎన్నో ర్యాంకులో ఉన్నారు, ఎంతమందిలో ఉన్నారన్నది మార్కు కన్నా నమ్మదగిన సమాచారం. అదీ ఒక్క క్యాంపస్‌లో కాకుండా వేల మంది రాసిన టెస్టు అయితేనే.

అపోహ: కాలేజీ పేపరు ఎంత కఠినంగా ఉంటే అంత మేలు

కాదు. తరగతిలో సగం మంది వంద ప్రశ్నలు వదిలేసే పేపరు ఎవరి స్థాయి ఏమిటో తేల్చలేదు, ధైర్యం మాత్రం తినేస్తుంది. అసలు పరీక్షకు దగ్గరి చుట్టం పాత నీట్ పేపరే. వాటిలోనూ ఒక మెలిక ఉంది. 2024 దాకా కొన్నేళ్లు 200 ప్రశ్నలిచ్చి 180 రాయమనేవారు, 200 నిమిషాల సమయం ఉండేది. 2025 నుంచి ఛాయిస్ పోయింది. 180 ప్రశ్నలు, 180 నిమిషాలు. ఆ మార్పు జనవరిలో ప్రకటించారు, పరీక్ష మే 4న జరిగింది. అంతదాకా ఛాయిస్‌తో రాసిన టెస్టుల మార్కులు ఆ ఏడాది పిల్లలకు చాలావరకు పనికిరాకుండా పోయాయి.

'మా మెటీరియల్ నుంచి ఇన్ని ప్రశ్నలు వచ్చాయి' అనే ప్రకటనల గురించి ఒక్క మాట. ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాల్లోని ప్రతి లైనునూ ప్రశ్నగా మార్చి వేల బిట్లు అచ్చేస్తే, వచ్చే 180లో చాలా వాటికి పోలిక దొరికి తీరుతుంది.

అపోహ: ఇంట్లో ఫోన్‌లో రాసినా ఒకటే

నీట్ మే నెల ఎండలో, మధ్యాహ్నం రెండింటికి మొదలవుతుంది. ఒంటిగంటన్నరకే గేటు మూసేస్తారు. చేతికి వాచీ ఉండదు. పెన్ను కూడా వాళ్లిచ్చిందే. ఓఎంఆర్ మీద ఒకసారి దిద్దితే చెరపడం కుదరదు. భోజనం తర్వాత కళ్లు మూతలు పడే వేళ మూడు గంటలు నిటారుగా కూర్చోవాలి. ఇంట్లో ఫ్యాను కింద, మధ్యలో లేచి టీ తాగుతూ, ఇంతకుముందు చూసిన బిట్లనే మళ్లీ చేసి తెచ్చుకున్న 640ని నేను లెక్కలోకి తీసుకోను.

అపోహ: టెస్టు కొలవడానికే, నేర్చుకునేది చదివినప్పుడే

పిల్లలకు అన్నింటికంటే ఎక్కువ నష్టం చేసే అపోహ ఇది. 2006లో హెన్రీ రోడిగర్, జెఫ్రీ కార్పికే అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు ఒక ప్రయోగం చేశారు. కొందరు విద్యార్థులు ఒక పాఠాన్ని రెండుసార్లు చదివారు. ఇంకొందరు ఒకసారి చదివి, పుస్తకం మూసి గుర్తున్నది రాశారు. ఐదు నిమిషాల తర్వాత అడిగితే రెండుసార్లు చదివినవాళ్లే మెరుగు. వారం తర్వాత అడిగితే మాత్రం వాళ్లకు గుర్తున్నది 42 శాతం, మూసి రాసినవాళ్లకు 56 శాతం. అంటే టెస్టు రాయడమే ఒక చదువు. మార్కు చూసి పేపరు పడేసేవాళ్లకు దాని ఫలితం సగమే దక్కుతుంది.

540 వచ్చిందని ఆ ఆదివారం ఫోన్ చేసిన తండ్రితో, "ఒకసారి పాపకివ్వండి" అన్నాను. పేపరు ముందు పెట్టుకుని ఎన్ని దిద్దావో చూడమన్నాను. ఈసారి 180 దిద్దింది, ఒప్పులు 144, తప్పులు 36. పోయిన వారం 8 వదిలేసింది, ఒప్పులు 150, తప్పులు 22. ఒప్పుల్లో తేడా ఆరు ప్రశ్నలే. నోట్‌బుక్‌లో మూడు గడులు గీసి 36 తప్పుల్నీ తెలియక, తొందరలో, ఊహించి అని విడగొట్టమన్నాను. పావుగంట తర్వాత తనే ఫోన్ చేసింది. తెలియక 13, తొందరలో 8, ఊహించి 15.

"తెలియనివాటిలో ఎక్కువ ఏ చాప్టరమ్మా?"

"రే ఆప్టిక్స్ సార్. ఐదున్నాయి."

"రేపు మొదటి పీరియడ్ అయ్యాక ఆ ఐదూ పట్టుకుని రా."