'సోర్స్ నాట్ ఫౌండ్' అంటోందా? జావా లైబ్రరీ కోడ్‌ని ఎడిటర్‌లోనే ఇలా ఓపెన్ చేయండి

అనంతపురం జేఎన్‌టీయూ కావచ్చు, దాని కింద ఉన్న ఏ ఇంజినీరింగ్ కాలేజీ అయినా కావచ్చు, క్యాంపస్ ఇంటర్వ్యూకి జావా ప్రిపేర్ అయ్యేవాళ్లు తప్పకుండా చదివే ప్రశ్న ఒకటుంది: హ్యాష్‌మ్యాప్ లోపల ఎలా పనిచేస్తుంది? జిరాక్స్ నోట్స్ జవాబు ఏంటంటే, జావా 8 నుంచి ఒక బకెట్‌లో 8 ఎంట్రీలు దాటితే లిస్ట్ కాస్తా ట్రీ అయిపోతుంది. ఇది సగమే కరెక్ట్. టేబుల్ సైజు 64 కన్నా తక్కువుంటే ట్రీ చేయదు, టేబుల్‌నే పెద్దది చేస్తుంది. ఈ ముక్క మీ లాప్‌టాప్‌లోనే, కామెంట్లతో సహా రాసుంది. చూసుకోవడానికి నెట్ కూడా అక్కర్లేదు. కళ్యాణదుర్గం, రాయదుర్గం వైపు ఊళ్లలో కూర్చుని చదువుకునేవాళ్లకి ఇది చిన్న విషయం కాదు.

జావా లైబ్రరీ సోర్స్ మొత్తం ఎస్ఆర్‌సీ డాట్ జిప్ అనే ఒకే ఫైల్‌లో ఉంటుంది. జేడీకే 8లో అయితే మెయిన్ ఫోల్డర్‌లోనే, 9 నుంచి లిబ్ ఫోల్డర్‌లో. మీ దగ్గర జేఆర్ఈ మాత్రమే ఉంటే ఈ ఫైల్ రాదు, జేడీకే వేసుకోవాల్సిందే. ఉబుంటులో ఇంకో తిరకాసు ఉంది. అక్కడ జేడీకే వేసినా సోర్స్ రాదు. ఓపెన్‌జేడీకే 17 సోర్స్ ప్యాకేజీని విడిగా ఇన్‌స్టాల్ చేయాలి.

ఎక్లిప్స్‌లో క్లాస్ పేరు మీద ఎఫ్3 కొడితే 'సోర్స్ నాట్ ఫౌండ్' అని వస్తోందా? అక్కడే ఉన్న అటాచ్ సోర్స్ బటన్ నొక్కి, ఎక్స్‌టర్నల్ ఫైల్‌గా ఆ జిప్‌ని చూపించండి. జిప్‌ని విప్పే పనిలేదు. అంతకన్నా మంచి పద్ధతి, ప్రిఫరెన్సెస్‌లో ఇన్‌స్టాల్డ్ జేఆర్ఈస్‌కి వెళ్లి జేడీకే ఫోల్డర్‌నే యాడ్ చేయడం. అప్పుడు సోర్స్ దానంతటదే తగులుకుంటుంది.

వీఎస్ కోడ్‌లో జావా ఎక్స్‌టెన్షన్ ప్యాక్ ఉంటే కంట్రోల్ నొక్కి క్లిక్ చేస్తే చాలు. సోర్స్ దొరకకపోతే డీకంపైల్ చేసిన కోడ్ చూపిస్తుంది. అందులో కామెంట్లు ఉండవు, కాబట్టి చదివినా పెద్దగా బుర్రకెక్కదు. మావెన్ లైబ్రరీల కోసం సెట్టింగ్స్‌లో 'మావెన్ డౌన్‌లోడ్ సోర్సెస్' అని వెతికి టిక్ పెట్టండి. వైఫై ఉన్నప్పుడే ఈ పని కానిచ్చేయండి.

యాప్‌లు చేసేవాళ్లకి ఆండ్రాయిడ్ స్టూడియోలో ఎస్‌డీకే మేనేజర్ ఉంది. 'షో ప్యాకేజ్ డీటెయిల్స్' టిక్ చేస్తే 'సోర్సెస్ ఫర్ ఆండ్రాయిడ్' కనిపిస్తుంది. మీ ప్రాజెక్ట్ కంపైల్ ఎస్‌డీకే నంబర్‌కి సరిపోయేదే దించుకోండి. డీబగ్ చేసేటప్పుడు ఫోన్‌లోని ఆండ్రాయిడ్ వెర్షన్‌కీ సోర్స్‌కీ తేడా ఉంటే లైన్లు ఒకదానికొకటి పొసగవు.

అంతా సెట్ అయ్యాక హ్యాష్‌మ్యాప్ ఓపెన్ చేసి 'ట్రీఇఫైబిన్' మెథడ్ వెతకండి. మొదటి ఇఫ్‌లోనే ఆ 64 చెక్ ఉంటుంది.