రాజుగారి బొమ్మ ఇక చెల్లదు!

'బొమ్మా... బొరుసా?'

క్రికెట్ మైదానంలో కెప్టెన్లయినా, వీధి చివర ఆడుకునే పిల్లలైనా నాణేన్ని గాల్లోకి ఎగరేసి అడిగేది ఇదే. ఇప్పుడు రూపాయి మీద బొమ్మంటే సింహాలు. మన తాతల కాలంలో మాత్రం బొమ్మంటే ఓ మనిషి తల. ఏడు సముద్రాల అవతల ఉండే రాజుగారి తల! ఆ తల పోయి సింహాలు రావడానికి మధ్య ఏం జరిగిందన్నది మన పాఠ్యపుస్తకాల్లో రెండు తేదీలతో తేలిపోతుంది. ఒకటి ఆగస్టు 15, రెండోది జనవరి 26. ఆ రెండు తేదీల మధ్య గడిచిన రెండున్నరేళ్లలో మన దేశానికి రాజెవరు? 'రాజేమిటి, స్వాతంత్ర్యం వచ్చేసిందిగా' అంటారా! అయితే కోసిగి వెళ్లి ఓ అవ్వ పెట్టె తెరిపించాల్సిందే.

అవ్వ పెట్టెలో నాలుగు తలలు

కర్నూలు జిల్లా పడమటి కొస. మద్రాసు నుంచి బొంబాయి వెళ్లే రైలు మార్గంలో ఆదోనికీ మంత్రాలయం రోడ్డుకీ మధ్య ఉంటుంది కోసిగి. వాన ముఖం చాటేసిన ఏడాది ఇక్కడి జనం మూటాముల్లె సర్దుకుని 'సుగ్గి'కి పోతారు. గుంటూరు వైపు మిరప కోతలకు, పత్తి తీతలకు. ఇళ్ల దగ్గర మిగిలేది ముసలీ ముతకా, పసిపిల్లలు. అలా మిగిలిన వాళ్లలో ఒకరు ఈ అవ్వ. అడగ్గా అడగ్గా పాత రేకుపెట్టె తీసి, గుడ్డపేలికలో చుట్టిన నాలుగు రూపాయి బిళ్లలు అరచేతిలో పెట్టింది.

"అమ్మేదానికి గాదప్పా. సూసి ఇచ్చేయ్."

ఒకదాని మీద 1884 అని ఉంది. కిరీటం పెట్టుకున్న స్త్రీ.

"ఈమె ఎవరవ్వా?"

"రాణెమ్మంట. మా అత్త చెప్పేది."

"మరి ఈ బట్టతలాయన?"

"కొడుకేమోబ్బా... నేనేమన్నా సూసినానా!"

అవ్వ ఊరికే అన్నా అది అక్షరాలా నిజం. 1907 నాటి ఆ బిళ్ల మీదున్నది విక్టోరియా రాణి కొడుకు ఏడో ఎడ్వర్డ్. 1919 నాటి దాని మీద ఆయన కొడుకు ఐదో జార్జి. చివరిది వెండి కాదు, నికెల్. 1947 నాటిది. ఒకవైపు ఐదో జార్జి కొడుకు ఆరో జార్జి, రెండోవైపు నడుస్తున్న పులి. అమ్మ, కొడుకు, మనవడు, మునిమనవడు... రాచరికం అంటే ఏమిటో చెప్పడానికి ఇంతకన్నా మంచి పాఠం ఉండదేమో!

ఎవరొచ్చినా సిస్తు తప్పలేదు

కోసిగికి రాజులు కొత్త కాదు. ఆదోని కోట ఎవరి చేతిలో ఉంటే ఈ సీమ వారిది. విజయనగరం పోయాక బీజాపూరు సుల్తానులు, తర్వాత మొగలాయిలు, ఆ తర్వాత నిజాం. నిజాం తమ్ముడు బసాలత్ జంగ్‌కి ఆదోని జాగీరుగా ఉండేది. 1786లో టిప్పు సుల్తాను దాన్ని పట్టుకున్నాడు. చివరికి 1800లో నిజాం ఈ ప్రాంతాన్నంతా ఈస్టిండియా కంపెనీకి రాసిచ్చేశాడు. తమ ఊళ్లు చేతులు మారాయని రైతులకు తెలిసింది సిస్తు వసూలుకు కొత్త మనుషులు వచ్చినప్పుడే. ఆ దత్తమండలాల మొదటి ప్రధాన కలెక్టరు థామస్ మన్రో. 1807 దాకా ఊరూరా తిరిగి పొలాలు కొలిపించి, వరహాల్లో లెక్కగట్టి శిస్తు కట్టించుకున్నాడు. 1827లో మద్రాసు గవర్నరుగా మళ్లీ ఇటు వచ్చినప్పుడు పత్తికొండ దగ్గర కలరా సోకి చనిపోయాడు.

ఇక్కడో చిత్రం ఉంది. ఊళ్లు కంపెనీవే అయినా, 1835 దాకా కంపెనీ రూపాయల మీద అచ్చయ్యింది ఢిల్లీ బాదుషా పేరు! అధికారం ఒకరిది, పేరు మరొకరిది. 1835లో ఆ ముసుగు తీసేసి ఇంగ్లండు రాజు నాలుగో విలియం తలను అచ్చేశారు. 1858లో కంపెనీని పక్కకు నెట్టి రాణి పాలన వచ్చింది. 1877 జనవరి 1న ఢిల్లీలో మహా దర్బారు చేసి, విక్టోరియాను 'హిందూదేశ చక్రవర్తిని' అని చాటారు. అప్పటి నుంచే రూపాయి మీద 'క్వీన్' పోయి 'ఎంప్రెస్' వచ్చింది.

ఆ దర్బారు సంబరాలు జరిగే రోజుల్లో కోసిగి ఎలా ఉందో తెలుసా? అది ధాత నామ సంవత్సరం. 1876లో వానలు పడలేదు. రెండేళ్లపాటు దక్షిణాదిని తినేసిన ఆ మహా కరువు దెబ్బకు అందరికన్నా ఎక్కువ కుంగింది బళ్లారి, కర్నూలు జిల్లాలే. అప్పట్లో ఆదోని తాలూకా, అందులోని కోసిగి బళ్లారి జిల్లాలో ఉండేవి. ఢిల్లీలో రాజులకు, జమీందార్లకు వారం రోజుల పాటు విందులు. ఇక్కడ కరువు పనుల్లో మట్టి మోసే మనిషికి రోజుకు ఒక పౌను, అంటే అరకిలో కూడా లేని ధాన్యం, దాంతోపాటు ఓ అణా చాలునని ఆ జనవరిలోనే మద్రాసుకొచ్చిన సర్ రిచర్డ్ టెంపుల్ తేల్చాడు. 1871, 1881 జనాభా లెక్కలు పక్కపక్కన పెట్టి చూస్తే కర్నూలు జిల్లాలో జనం సుమారు నాలుగో వంతు తగ్గారు. మద్రాసు, బొంబాయిలను కలిపే రైలు మార్గం అప్పటికే, 1871లోనే రాయచూరు దగ్గర కలిసింది. రైలుంది, రాణి ఉంది... గింజలే లేవు. ఉన్న గింజలు కొనడానికి డబ్బుల్లేవు. ఆ రాణిని 'ఎందుకిలా?' అని అడిగే దారి కోసిగి మనిషికి ఎక్కడా లేదు. దింపే మాట సరేసరి!

(అడగ్గలిగిన చోట అడిగారు లెండి. 1911లో వచ్చిన ఐదో జార్జి రూపాయి మీద రాజుగారి దుస్తులపై ఉన్న ఏనుగు బొమ్మ అచ్చం పందిలా ఉందని జనం గోల చేశారు. ప్రభుత్వం ఆ బిళ్లల్ని వెనక్కి తెప్పించి, మరుసటేడు ఏనుగును సరిచేసి మళ్లీ అచ్చేసింది. పాత నాణేల వ్యాపారులు ఇప్పటికీ దాన్ని 'పంది రూపాయి' అనే అంటారు.)

స్వాతంత్ర్యం వచ్చింది... రాజు పోలేదు

ఇక అసలు సంగతికొద్దాం. 1947 ఆగస్టు 15న దేశం స్వతంత్రమైంది. కానీ అధినివేశ రాజ్యంగా! అంటే పాలన మనది, సింహాసనం ఆరో జార్జిది. రాజు తరఫున ఢిల్లీలో గవర్నర్ జనరల్ ఉంటాడు. మొదట మౌంట్‌బాటన్, 1948 జూన్ 21 నుంచి చక్రవర్తి రాజగోపాలాచారి. ఆ మరునాడే ఆరో జార్జి 'భారత చక్రవర్తి' బిరుదును వదులుకున్నారు. చక్రవర్తి కాకపోయినా రాజుగా మాత్రం కొనసాగారు. ఆ రెండున్నరేళ్లూ కోసిగి సంతలో చేతులు మారింది కూడా రాజు బొమ్మ బిళ్లలే. రాజ్యాంగం తయారయ్యేదాకా పాత నాణేలనే ఉంచేశారు మరి.

రాజు అక్కర్లేదన్న నిర్ణయం మాత్రం అంతకు ముందే జరిగిపోయింది. 1946 డిసెంబరు 13న రాజ్యాంగ సభలో నెహ్రూ ప్రవేశపెట్టిన తీర్మానంలో భారత్ 'సర్వసత్తాక గణతంత్రం' అవుతుందని రాసుంది. సంస్థానాధీశుల సంగతేమిటన్న సందేహాలు వచ్చినా వెనక్కి తగ్గలేదు. 1947 జనవరి 22న సభ దాన్ని ఆమోదించింది. ఆ సభలో మన సీమవాళ్లూ ఉన్నారు. హిందూపురం వైపు నుంచి కల్లూరు సుబ్బారావు, అనంతపురం జిల్లా ఇల్లూరుకు చెందిన నీలం సంజీవరెడ్డి. ఈ రెండో పేరు గుర్తుంచుకోండి, మళ్లీ వస్తుంది.

అయితే రాజు స్థానంలో కూర్చునే మనిషి ఎలా ఉండాలి? రాష్ట్రపతిని జనమే నేరుగా ఓటేసి ఎన్నుకోవాలని కె.టి.షా పట్టుబట్టారు. సభ ఒప్పుకోలేదు. ఇంగ్లండులో రాజుకు ఎలాంటి స్థానం ఉందో ఇక్కడ రాష్ట్రపతికి అలాంటిదే ఉంటుందనీ, ఆయన దేశానికి అధినేతే తప్ప పరిపాలనకు కాదనీ 1948 నవంబరులో అంబేద్కర్ వివరించారు. మరి అంత మాత్రానికి రాజును మార్చడమెందుకు, పేరు మారితే సరిపోయిందా అనిపిస్తుంది. సరిగ్గా ఇక్కడే ఉంది కిటుకు. రాజు పుట్టుకతో వస్తాడు, చచ్చేదాకా ఉంటాడు. రాష్ట్రపతికి అయిదేళ్లే గడువు. రాజ్యాంగాన్ని మీరితే పార్లమెంటు అభిశంసించి దింపేయొచ్చు. ముప్ఫై అయిదేళ్లు నిండి, లోక్‌సభకు పోటీ చేసే అర్హత ఉండి, లాభసాటి ప్రభుత్వ పదవిలో లేని ఏ పౌరుడైనా, ఏ ఊరివాడైనా ఆ కుర్చీకి పోటీ పడొచ్చు. కోసిగి మనిషైనా సరే!

1950 జనవరి 24న రాజ్యాంగ సభ బాబూ రాజేంద్రప్రసాద్‌ను ఏకగ్రీవంగా ఎన్నుకుంది. 26న ఉదయం 10 గంటల 18 నిమిషాలకు దర్బారు హాల్లో రాజాజీ గణతంత్ర ప్రకటన చదివారు. ఆరు నిమిషాల తర్వాత ప్రధాన న్యాయమూర్తి కానియా కొత్త రాష్ట్రపతి చేత ప్రమాణం చేయించారు. 31 తుపాకులు పేలాయి. వైస్రాయిలు కాపురమున్న 340 గదుల భవనం రాష్ట్రపతి భవన్ అయింది.

ఆ మధ్యాహ్నం రాజేంద్రప్రసాద్ ఊరేగిన గుర్రపు బగ్గీకీ ఓ కథ ఉంది. దేశ విభజనప్పుడు వైస్రాయి బగ్గీ మాకంటే మాకని భారత్, పాకిస్థాన్ పట్టుబడితే, చివరికి నాణెం ఎగరేసి తేల్చారని చెబుతారు. గెలుపు మనదే. అప్పటి నాణెం మీద బొమ్మంటే రాజుగారి తలేగా! అదే బగ్గీలో 2024 గణతంత్ర దినోత్సవానికి ద్రౌపది ముర్ము, ఫ్రాన్సు అధ్యక్షుడు మక్రాన్ కలిసి వెళ్లడం టీవీల్లో చూసే ఉంటారు.

నదికి అవతల వేరే రూపాయి

కోసిగికి ఉత్తరాన తుంగభద్ర. దాటితే రాయచూరు... నిజాం రాజ్యం. అక్కడ చెల్లేది హాలీ సిక్కా. దాని మీద రాజు తల ఉండదు, చార్మినార్ ఉంటుంది. మన వంద రూపాయలకు అక్కడి నూట పదహారు రూపాయల చిల్లర లెక్క. అప్పటి కర్నూలు జిల్లా నడుమనే ఉన్న బనగానపల్లె నవాబు 1948 ఫిబ్రవరిలో తన సంస్థానాన్ని మద్రాసు రాష్ట్రంలో కలిపేశారు. నిజాం 1949 నవంబరులో భారత రాజ్యాంగాన్ని ఒప్పుకుని, 1950 జనవరి 26 నుంచి హైదరాబాద్ రాష్ట్రానికి రాజప్రముఖ్ అయ్యారు. ఆ పదవి 1956లో పోయింది. మాజీ రాజులకు ఇచ్చే భరణాలను 1971లో రాజ్యాంగ సవరణతో ఆపేశారు.

నాణేల మీదా పెద్ద తర్జనభర్జనే నడిచింది. రాజు బొమ్మ స్థానంలో గాంధీజీ బొమ్మ పెడదామని నోట్లకు నమూనాలు కూడా తయారుచేశారు. చివరికి సారనాథ్ సింహాలకు ఓటేశారు. 1949లో రూపాయి నోటు మీద, 1950 ఆగస్టు 15 నుంచి నాణేల మీద సింహాలు ఎక్కాయి.

ఇల్లూరు నుంచి ఆ భవనానికి

ఇప్పుడు ఆ గుర్తుంచుకోమన్న పేరు. 1969లో సంజీవరెడ్డి రాష్ట్రపతి పదవికి పోటీ చేసి వి.వి.గిరి చేతిలో ఓడిపోయారు. 1977 లోక్‌సభ ఎన్నికల్లో ఆంధ్రప్రదేశ్‌లోని 42 స్థానాల్లో జనతా పార్టీకి దక్కింది ఒకే ఒక్కటి... నంద్యాల. గెలిచింది ఆయనే. స్పీకరయ్యారు. నాలుగు నెలలు తిరక్కుండానే రాష్ట్రపతి ఎన్నిక. 37 మంది నామినేషన్లు వేస్తే 36 చెల్లలేదు. ఏకగ్రీవం! 1977 జులై 25న ప్రమాణం చేశారు. అప్పటి నుంచి ఇప్పటిదాకా ప్రతి రాష్ట్రపతీ జులై 25నే ప్రమాణం చేస్తూ వస్తున్నారు. జీతంలో 70 శాతం వదులుకుంటాననీ, అంత పెద్ద భవనంలో ఉండననీ ఆయన ప్రకటించడం అప్పట్లో పెద్ద వార్త. అయిదేళ్లు కాగానే అనంతపురం తిరిగొచ్చేశారు. వైస్రాయిల గదుల్లో తిరిగిన మనిషి గడువు తీరాక సొంతూరి దారి పట్టడం... అవ్వ పెట్టెలోని ఏ తలకీ ఆ అవసరం రాలేదు.

ఇందులో కోసిగి వాటా ఎంత అంటారా? లెక్కుంది. కోసిగి మంత్రాలయం శాసనసభ నియోజకవర్గంలోది. రాష్ట్రపతిని ఎన్నుకునేది ఎంపీలూ ఎమ్మెల్యేలే. ఇప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రాంతానికి 1971 లెక్కల ప్రకారం ఉన్న 2.78 కోట్ల జనాభాను 175 స్థానాలతో భాగించి, మళ్లీ వెయ్యితో భాగిస్తే వచ్చేది 159. అంటే ఇక్కడి జనం ఓటేసి పంపిన ఎమ్మెల్యే చేతిలో 159 ఓట్ల విలువ. 2022లో సంతాల్ గిరిజన మహిళ ద్రౌపది ముర్ము ఎన్నికైనప్పుడూ ఇదే లెక్క.

"ఓటేస్తావా అవ్వా?"

"యెయ్యకేం! సుగ్గికి పోయినోళ్లు గూడా బస్సెక్కి వచ్చి యేసి పోతారు. ఆ పొద్దు ఊరు నిండుగుంటాది."

మాట్లాడుతూనే నాలుగు తలల్నీ పేలికలో చుట్టి ముడేసింది. ఈలోగా మనవడు వచ్చి చెయ్యి చాచాడు. నడుముకు దోపుకున్న చిన్న సంచీలోంచి రెండు కొత్త బిళ్లలు తీసి వాడి చేతిలో పెట్టింది. వాడు వాటిని తిప్పి చూసి, సింహాలు మూడే ఉన్నాయేమని అడిగాడు. నాలుగోది వెనకాల ఉందని చెప్పేలోపే బొరుగుల కోసం అంగడికి పరుగు తీశాడు.