సోయా చిక్కుడు పైరునకు నీడవలన గలుగు నష్టము

ఆదిలాబాదు ప్రాంతపు నల్లరేగడి నేలలలో వానకాలమున సోయా చిక్కుడు విస్తారముగా సాగగుచున్నది. ఈ చేలలో మొక్కజొన్న సాళ్ల ప్రక్కను, గట్టు చెట్ల చెంతను ఉన్న మొక్కలు తక్కినవానికంటె పొడవుగాను, ఆకులు వెడల్పుగాను కానవచ్చుట కలదు. అది నేల బలమని రైతులు సంతోషింతురు. కోతనాడు ఆ మొక్కలను పెరికి కాయలెంచినచో సంగతి వేఱుగా నుండును.

సోయా గింజలో నూటికి సుమారు 40 పాళ్లు మాంసకృత్తులు, 20 పాళ్లు నూనె యుండును. ఇట్టి గింజను నింపుటకు జొన్నగింజకంటె ఎక్కువ ఆహారము వ్యయమగును. ఆ ఆహారమును వెలుతురు సాయముననే ఆకు తయారుచేయవలెను. ఎండలో పెరిగిన ఆకు దళసరిగా నుండును. నీడలోని ఆకు పలుచనగును. ఉన్న పదార్థమునే వెడల్పుగా పఱచి, దొరికిన కొద్ది వెలుతురును పట్టుటకు మొక్క చేయు యత్నమిది. తూకమునకు తూకము చూచిన పత్రహరితము హెచ్చుగా నుండుటచే ఆ ఆకు నిగనిగలాడవచ్చును గాని, దాని పనితనము తక్కువ. నీడ మిక్కిలి దట్టమైనచో ఆకు వెడల్పు సహితము కాజాలక, చిన్నదై పండి రాలును.

పై ఆకులు ఎఱ్ఱని కిరణములను పీల్చుకొనుటచే క్రిందికి దిగు కాంతిలో అవి కొఱవడును. మొక్క దీనిని గుర్తించి పొరుగు మొక్కను మించుటకై కాండమును సాగదీయును. కణుపుల నడుమ ఎడము పెరిగి, కాండము సన్నగిలి, కొమ్మలు తగ్గును. అట్టి పైరు గాలివానకు పడిపోవును.

నీడ ఏ దశలో పడినదనుట ముఖ్యము. లేతప్రాయమున పడిన నీడ పిమ్మట తొలగినచో మొక్క చాలవఱకు కోలుకొనును. పిందె కట్టి గింజ నిండు దినములలో పడిన నీడకు పరిహారము లేదు. సోయా పూవులలో పెక్కు రాలుట సహజమే; నీడలో పిందెలు సయితము రాలును. దిగుబడి తగ్గుట ముఖ్యముగా కాయల సంఖ్య తగ్గుటవలననే.

కావున అంతరపంటకు కంది మేలు. అది తొలి రెండు మాసములు మెల్లగా పెరుగును. సోయా 90 మొదలు 110 దినములలో కోతకు వచ్చును. నాలుగు సాళ్లు సోయాకు ఒక సాలు కంది వేసినచో కంది గుబురగు నాటికి సోయా కాయలు నిండియుండును. మొక్కజొన్న అట్లు కాదు. సోయా పిందె కట్టునప్పటికే తలమీది కెక్కును. రెండును కావలెనన్నచో వేఱువేఱు పట్టెలుగా వేయవలెను.

పైరు తనకు తానే నీడయగుటయు కలదు. సోయా విత్తనము నిలువలో త్వరగా మొలకశక్తిని గోల్పోవునది గనుక, కొందఱు భయపడి రెట్టింపు విత్తుదురు. అన్నియు మొలచినచో చేను క్రిక్కిరిసి క్రింది ఆకులకు వెలుతురు సోకదు. విత్తుటకు వారము ముందు నూఱు గింజలను తడి గోనెపట్టాలో చుట్టి యుంచి చూడవలెను. డెబ్బదికి తక్కువ కాకుండ మొలచిన విత్తనమును సాళ్ల నడుమ మూరెడు ఎడమిచ్చి ఎకరమునకు 25 మొదలు 30 కిలోలు వేసిన చాలును.